మన పెళ్లి మనలా ఉండాలంటే: వెరైటీ పెళ్లి ప్లాన్ చేసే ముందు తెలుసుకోవాల్సినవి

ఈరోజు ఎపిసోడ్ పెళ్లి గురించి. అంటే సంబంధాలు ఎలా చూడాలి, జాతకాలు కలవకపోతే ఏం చేయాలి, అవి కాదు. సంబంధం కుదిరిపోయింది, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం, ఇంట్లో కూడా ఓకే. ఇప్పుడు ఆ ఇద్దరూ కూర్చుని "మన పెళ్లి అందరి పెళ్లిలా వద్దు, మనలా ఉండాలి" అనుకున్నారు. అక్కడి నుంచి ఏం చేయాలి? అది ఈరోజు టాపిక్.

ముందే ఒక మాట చెప్పేస్తా. డెకరేషన్ ఐడియాల కోసం వచ్చినవాళ్లు కొంచెం నిరుత్సాహపడతారు. పువ్వుల గోడ ఏ రంగులో పెట్టాలి, ఎంట్రీకి బుల్లెట్ బండా ట్రాక్టరా, ఇవి రీల్స్‌లో బోలెడు ఉన్నాయి. నేను మాట్లాడేది రెండు విషయాలు. ఒకటి, పెళ్లిలో ఏది ఉంచాలి, ఏది మార్చాలి అని ఎలా తేల్చుకోవాలి. రెండోది, అసలు ముఖ్యమైనది: అలా మార్చుకున్న పెళ్లి చట్టం ముందు పెళ్లిగా నిలబడుతుందా? ఈ రెండో ప్రశ్న చాలామంది అడగరు. రెండేళ్ల తర్వాత డిపెండెంట్ వీసాకి అప్లై చేసేటప్పుడో, బ్యాంకులో నామినీ గొడవ వచ్చినప్పుడో, దేవుడు మేలు చేయకపోతే విడాకుల కోర్టులోనో గుర్తొస్తుంది.

వెరైటీ పెళ్లి మనకి కొత్త కాదు

"ఇవన్నీ ఈ కాలం పిల్లల వేషాలు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు కదా. వాళ్లకి మీరు చెప్పాల్సిన కథలు కొన్ని ఉన్నాయి.

1881 డిసెంబర్ 11. రాజమండ్రి. కందుకూరి వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం చేయించారు. చట్టం 1856లోనే వచ్చింది, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని. కానీ చట్టం ఉండటం వేరు, ఊరు ఒప్పుకోవడం వేరు. పోలీసు బందోబస్తు మధ్య ఆ పెళ్లి జరిగింది. వంటవాళ్లు రాకపోతే పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తనే వంట చేశారు. ఇక్కడ గమనించండి, ఆయన పెళ్లి తంతుని మార్చలేదు. పెళ్లికూతురు ఎవరు కావచ్చు అన్నదాన్ని మార్చారు.

తర్వాత తెనాలి. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు. ఆయన ప్రశ్న వేరే. పీటల మీద కూర్చున్న ఇద్దరికీ అర్థం కాని భాషలో ప్రమాణాలు ఎందుకు? "వివాహ విధి" అని పుస్తకమే రాసి, తెలుగులో పెళ్లి తంతు తయారు చేసి, స్వయంగా పెళ్లిళ్లు చేయించారు. ఆయన మార్చింది భాషని.

తర్వాత గోరా గారు, నాస్తిక కేంద్రం స్థాపించిన గోపరాజు రామచంద్రరావు గారు. ఆయన కూతురికి దళిత యువకుడితో పెళ్లి నిశ్చయమైంది. సేవాగ్రామ్ ఆశ్రమంలో చేద్దామని గాంధీ ఒప్పుకున్నారు. వీళ్లు దేవుణ్ణి నమ్మరు కాబట్టి, ప్రమాణం దేవుడి పేరు మీద కాకుండా సత్యం పేరు మీద ఉండొచ్చని కూడా ఒప్పుకున్నారు. పెళ్లి నాటికి గాంధీ లేరు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. పెళ్లి మార్చిలో అదే సేవాగ్రామ్‌లో జరిగింది.

ఇక కమ్యూనిస్టు కుటుంబాల్లో దండల పెళ్లిళ్లు మన నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల్లో మీ తాతయ్యల తరానికే తెలుసు. స్టేజీ, రెండు దండలు, నలుగురు పెద్దల ఉపన్యాసాలు, భోజనాలు. అయిపోయింది.

ఈ పెళ్లిళ్లన్నిటిలో ఒక కామన్ పాయింట్ ఉంది. ఎవరూ "డిఫరెంట్‌గా కనిపించాలి" అని మొదలుపెట్టలేదు. తమకి నచ్చనిది ఒకటి పట్టుకున్నారు, దాన్ని ఒక కారణంతో మార్చారు. అందుకే అవి ఇప్పటికీ గుర్తున్నాయి. థీమ్ పెళ్లికీ, మనలా ఉండే పెళ్లికీ తేడా అదే. థీమ్‌ని డెకరేటర్ అమ్ముతాడు. కారణం మాత్రం మీ దగ్గరే ఉండాలి.

సినిమావాళ్ల దగ్గర కూడా చూడండి. రానా పెళ్లి 2020 ఆగస్టు 8న రామానాయుడు స్టూడియోస్‌లో జరిగింది. కరోనా టైమ్, పెళ్లికి యాభై మందికి మించి ఉండకూడదని రూల్. కొద్దిమందితో చేసుకుని, రాలేనివాళ్లు ఇంట్లో కూర్చుని వీఆర్‌లో చూసే ఏర్పాటు చేశారు. నాగచైతన్య, శోభిత 2024 డిసెంబర్ 4న అన్నపూర్ణ స్టూడియోస్‌లో చేసుకున్నారు. తంతు అంతా సంప్రదాయమే. తాతగారు కట్టిన చోటు అన్నదే దాని ప్రత్యేకత. మనకి స్టూడియోలు లేవు, నిజమే. చైతన్యపురిలో మేడ మీద వాటర్ ట్యాంక్ ఉంది. కానీ లాజిక్ ఒకటే.

మూడు గడుల కాగితం

సరే, ప్రాక్టికల్‌గా వద్దాం. ఒక జంటని ఊహించుకుందాం. అబ్బాయిది సూర్యాపేట వైపు, అమ్మాయిది ఖమ్మం వైపు. ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంక్ కోచింగ్‌కి వచ్చి హాస్టళ్లలో ఉన్నారు. ఒకే స్టడీ హాల్. ఇప్పుడు ఇద్దరికీ ఉద్యోగాలు. మన ఏరియాలో ఇలాంటి జంటలు వీధికి నలుగురు ఉంటారు, కాబట్టి ఊహించుకోవడం కష్టం కాదు.

వీళ్లు చేయాల్సిన మొదటి పని వెన్యూ బుక్ చేయడం కాదు. ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయడం. ఉంచేవి, మార్చేవి, తీసేసేవి. ఇద్దరూ విడివిడిగా రాయాలి, తర్వాత పక్కపక్కన పెట్టుకోవాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక అలవాటు ఉండేది. పాత కోడ్‌లో ఒక లైన్ తీసేయాలంటే, అది ఎందుకు ఉందో తెలుసుకోకుండా తీయకూడదు. పెళ్లికి కూడా అదే. ఏది తీసేసినా, అది అక్కడ ఏం పని చేస్తోందో ముందు తెలుసుకోండి.

ఉదాహరణకి జీలకర్ర బెల్లం. మన తెలుగు పెళ్లిలో ముహూర్తం అంటే నిజానికి అదే, ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. తెర తీయడం, మొదటిసారి చూసుకోవడం. రెండేళ్లు ఒకే స్టడీ హాల్‌లో కూర్చున్నవాళ్లకి "మొదటి చూపు" కొంచెం కామెడీగానే ఉంటుంది. కానీ జీలకర్ర, బెల్లం రెండూ నూరి కలిపాక విడదీయలేం అన్న భావం ఇద్దరికీ నచ్చింది. ఉంచారు.

తలంబ్రాలు. ఇద్దరికీ సరదా. ఉంచారు. ఎవరూ తీసేయరు దీన్ని, నాకు తెలిసి.

కన్యాదానం. అమ్మాయికి "దానం" అన్న మాట నచ్చలేదు. వాళ్ల నాన్నకి మాత్రం ఆ క్షణం కావాలి, కూతురి చెయ్యి పట్టుకుని నిలబడే క్షణం. అంటే గొడవ మాట గురించే, క్షణం గురించి కాదు. మార్చారు: రెండు వైపుల తల్లిదండ్రులూ నిలబడి, ఇద్దరి చేతులూ కలిపి, తమ మాటల్లో దీవిస్తారు. కన్యాదానం లేకపోతే పెళ్లి చెల్లదేమో అని భయం అక్కర్లేదు. హిందూ వివాహ చట్టం ప్రకారం కన్యాదానం తప్పనిసరి కాదని 2024 మార్చిలో అలహాబాద్ హైకోర్టు చెప్పింది.

స్టేజీ మీద మూడు గంటల ఫొటో లైన్. అమ్మాయికి అందరూ తననే చూస్తుంటే ఊపిరాడదు. అబ్బాయికి జనాలకి వడ్డించడం అంటే ప్రాణం, హాస్టల్లో కూడా ఆదివారం వంట తనదే. కాబట్టి ఫొటో లైన్ తీసేశారు. అరిటాకుల పంక్తి భోజనం పెట్టారు. మొదటి పంక్తికి పెళ్లికొడుకు పప్పు వడ్డిస్తాడు, పెళ్లికూతురు వరసలో నడుస్తూ ప్రతి ఒక్కరినీ పలకరిస్తుంది. ఫొటోగ్రాఫర్ వాళ్ల వెంట నడుస్తాడు.

చూశారా, ఇందులో ఒక్క రూపాయి థీమ్ ఖర్చు లేదు. కానీ వచ్చినవాళ్లు ఇంటికెళ్లి "వాళ్ల పెళ్లి అచ్చం వాళ్లలాగే ఉంది" అంటారు. మనిషి స్వభావం బయటపడేది ఆ రోజు మీరు ఏం చేస్తున్నారు అన్నదాంట్లో. వెనకాల ఉన్న బ్యాక్‌డ్రాప్‌లో కాదు.

ఇంకొకటి. ఈ కాగితంలో "తీసేసేవి" గడిలో మొదటి లైన్ కట్నం ఉండాలి. ఎంత క్రియేటివ్ పెళ్లి చేసుకున్నా, వెనకాల రూమ్‌లో లెక్కలు పాతవే అయితే అది పాత పెళ్లే. 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమే. "మేం ఏమీ అడగలేదండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అనే డైలాగ్ మనందరికీ తెలుసు. ఆ డైలాగ్‌ని పెళ్లికొడుకే ఆపాలి. పెళ్లికూతురి మీద పెట్టకండి ఆ పని.

చట్టం దగ్గర మూడు దారులు

ఇప్పుడు అసలు పాయింట్. దయచేసి ఇక్కడ స్కిప్ చేయకండి.

2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఇద్దరు పైలట్లు. ఒక సంస్థ దగ్గర పెళ్లి సర్టిఫికెట్ తీసుకున్నారు, దాన్ని చూపించి రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నారు. కానీ అసలు పెళ్లి తంతు జరగలేదు. తర్వాత గొడవలొచ్చాయి. కోర్టు ఏమందంటే, హిందూ వివాహ చట్టం కింద తంతు జరగకపోతే అది పెళ్లి కాదు, రిజిస్ట్రేషన్ కాగితం ఉన్నంత మాత్రాన పెళ్లి అయిపోదు అని. వాళ్లిద్దరూ అసలు భార్యాభర్తలే కారని తేల్చింది.

దీని అర్థం ఏంటి? రిజిస్ట్రేషన్ అనేది జరిగిన పెళ్లికి రుజువు. జరగని పెళ్లిని అది పుట్టించలేదు. "ఏదో ఒకటి చేసుకుందాం, తర్వాత రిజిస్టర్ చేయించుకుంటే సరిపోతుంది" అనుకునేవాళ్లకి ఇది చాలా పెద్ద విషయం.

మొదటి దారి, హిందూ వివాహ చట్టం, 1955. ఇందులో సెక్షన్ 7 చెప్పేది సింపుల్. అబ్బాయి వైపు ఆచారం ప్రకారమో, అమ్మాయి వైపు ఆచారం ప్రకారమో పెళ్లి జరగాలి. రెండిట్లో ఒకటి చాలు. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, ఏడో అడుగు వేయగానే పెళ్లి పూర్తయినట్టు. సప్తపది లేని కులాలు, కుటుంబాలు ఉన్నాయి, వాళ్లకి వాళ్ల తంతు.

ఆచారం అంటే చట్టం దృష్టిలో చాలాకాలంగా, తెగకుండా, అందరూ ఒకేలా పాటిస్తున్నది. నిన్న రాత్రి గూగుల్ డాక్‌లో మీరు రాసుకున్నది ఆచారం కాదు. ఎంత అందంగా ఉన్నా కాదు. కాబట్టి ఈ దారిలో వెళ్తే మీ కుటుంబ ఆచారంలో ముఖ్యమైన తంతు, అంటే జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, మీకు ఉంటే సప్తపది, ఇవి ఉంచండి. వాటి చుట్టూ మీ సొంతవి ఎన్నైనా కలుపుకోండి. తెలుగులో అర్థం చెప్పించుకోండి, సొంత ప్రమాణాలు చదవండి, అభ్యంతరం లేదు. ఈ తంతు జరిగినట్టు ఫొటోలు, వీడియో దాచుకోండి. పెళ్లి కార్డు, వయసు రుజువు, అడ్రస్ రుజువు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, తెలంగాణలో కూడా అదే కొనసాగుతోంది.

రెండో దారి, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, 1954. నిజంగా వెరైటీ పెళ్లి కావాలనుకునేవాళ్లకి ఇదే సరైన దారి. ఎందుకంటే ఇందులో తంతు ఎలా ఉండాలో చట్టం చెప్పదు. మీకు నచ్చిన పద్ధతిలో చేసుకోవచ్చు. ఒక్కటే షరతు. మ్యారేజ్ ఆఫీసర్, ముగ్గురు సాక్షుల ముందు, మీకు అర్థమయ్యే భాషలో, నిన్ను చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నానని ఒకరికొకరు చెప్పాలి. తెలుగులో చెప్పొచ్చు. కవిరాజు గారు అడిగింది ఇదే కదా.

మ్యారేజ్ ఆఫీసర్ ఆఫీసులోనే చేసుకోవాలని కూడా లేదు. దగ్గర్లో మీరు కోరిన చోటికి, అదనపు ఫీజు కట్టి, ఆఫీసర్‌ని పిలిపించుకునే వీలు చట్టంలోనే ఉంది. ఇద్దరూ హిందువులైతే ఆస్తి వారసత్వానికి హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుంది. వేరువేరు మతాలైతే అక్కడ లెక్క మారుతుంది, ముందే లాయర్‌ని కలవండి. మేనరికం అయితే కూడా అంతే. బావామరదళ్ల వరస ఈ చట్టంలో నిషేధిత బంధుత్వాల జాబితాలోకి వస్తుంది. ఆచారానికి మినహాయింపు ఉంది కానీ దానికి షరతులున్నాయి.

ఇందులో టైమ్ చాలా ముఖ్యం. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీస్ ఇవ్వాలి. ఆ నోటీస్‌ని ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు. 30 రోజుల్లో అభ్యంతరం రాకపోతే పెళ్లి చేసుకోవచ్చు. నోటీస్ ఇచ్చిన మూడు నెలల్లోపు చేసుకోకపోతే ఆ నోటీస్ చెల్లదు, మళ్లీ మొదటి నుంచి. డిసెంబర్ 10న నోటీస్ ఇచ్చారనుకోండి, జనవరి రెండో వారం దాటాక మొదలై మార్చి మొదటి వారం వరకు మీ కిటికీ తెరిచి ఉంటుంది. ఫిబ్రవరిలో పెళ్లి పెట్టుకుంటే సేఫ్. ఇంకో చిన్న చిక్కు: ఎల్బీనగర్, సరూర్‌నగర్ రంగారెడ్డి జిల్లా, మలక్‌పేట హైదరాబాద్ జిల్లా. మెట్రోలో కొన్ని స్టేషన్ల తేడా, కానీ జిల్లా మారిపోతుంది. మీ అడ్రస్ ప్రూఫ్ ఏ జిల్లాదో చూసుకుని ఆఫీసుకి వెళ్లండి.

మూడో దారి అని చాలామంది అనుకునేది, నిజానికి మనకి దారి కాదు. చెన్నై నుంచి వచ్చే రీల్స్ చూస్తుంటారు. స్నేహితుల మధ్య దండలు మార్చుకుని పెళ్లయిపోయింది అంటారు. అది అక్కడ చెల్లుతుంది. తమిళనాడులో ఆత్మగౌరవ వివాహాల కోసం హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 7ఏ అని కలిపారు, 1967లో చేసిన సవరణ అది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, అలాంటి పెళ్లికి బహిరంగ వేడుక కూడా అవసరం లేదని చెప్పింది. కానీ ఆ సెక్షన్ తమిళనాడుది, తెలంగాణది కాదు. ఇక్కడ ఒట్టి దండల పెళ్లి చేసుకుని ఊరుకుంటే రేపు రుజువు చేసుకోవడం మీకే కష్టం. దండల పెళ్లి మీ మనసుకి నచ్చిందా? చక్కగా చేసుకోండి, కానీ స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకోండి. దండలు మీవి, ముగ్గురు సాక్షులు మీవాళ్లు, సంతకం ప్రభుత్వానిది.

చర్చి పెళ్లికీ, నికాకీ వేరే నియమాలు ఉన్నాయి. ఈ ఎపిసోడ్‌లో వాటి జోలికి వెళ్లట్లేదు.

ఇక్కడ కొంచెం సీరియస్‌గా ఒక మాట. వెరైటీ అనేది కొందరికి సరదా, కొందరికి ప్రాణం మీదకి వచ్చే విషయం. 2022 మే నెలలో మన సరూర్‌నగర్‌లోనే, వేరే మతం అమ్మాయిని పెళ్లి చేసుకున్న యువకుణ్ణి నడిరోడ్డు మీద, భార్య కళ్లముందే చంపేశారు. అమ్మాయి అన్నని పోలీసులు అరెస్ట్ చేశారు. మనం రోజూ బండి మీద తిరిగే రోడ్లు అవి. కాబట్టి ఇంట్లో ఒప్పుకోని పెళ్లి అయితే, ముప్ఫై రోజులు నోటీస్ బోర్డు మీద మీ పేర్లు ఉంటాయన్న సంగతి గుర్తుపెట్టుకోండి. ముందు లాయర్‌తో మాట్లాడండి. ఇలాంటి జంటలకి పోలీసులు రక్షణ ఇవ్వాలని 2018 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టంగా ఆదేశించింది. బెదిరింపు ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, కాపీ దగ్గర పెట్టుకోండి. డెకరేషన్, డ్రోన్ షాట్లు తర్వాత.

అమ్మానాన్నలు ఎందుకు ఒప్పుకోరు?

పెద్దవాళ్ల వైపు నుంచి కూడా చూద్దాం. 800 మంది గెస్ట్ లిస్ట్‌ని 150కి తగ్గిద్దామంటే నాన్న మొహం మారిపోతుంది. మనం దాన్ని పరువు, ప్రెస్టీజ్ అని కొట్టిపారేస్తాం. నిజానికి అక్కడ ఒక లెక్క ఉంది. ఇరవై ఐదేళ్లుగా మీ అమ్మానాన్నలు ఊళ్లో ప్రతి పెళ్లికీ వెళ్లారు, చదివింపులు చదివించారు, ప్రతి ఇంట్లో భోజనం చేశారు. మీ పెళ్లిలో వాళ్లందరినీ పిలిచి భోజనం పెట్టడం వాళ్ల దృష్టిలో బాకీ తీర్చడం. మీరు లిస్ట్ కొట్టేస్తే, వాళ్లు బాకీ ఎగ్గొట్టినవాళ్లు అవుతారు. అది వాళ్లు ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ మోయాలి. మీరు చైతన్యపురిలో ఉంటారు, మీకేం.

అందుకే లిస్ట్ కొట్టేయకండి, విడదీయండి. పెళ్లి ఇక్కడ 150 మందితో. వారం తర్వాత ఊళ్లో ఒక మధ్యాహ్నం భోజనం, షామియానా, అరిటాకు, అమ్మానాన్నలు పిలవాలనుకున్న ప్రతి ఒక్కరూ. ఆ భోజనం వాళ్ల ప్రోగ్రామ్, అక్కడ మీరు చెప్పినట్టు కాదు, వాళ్లు చెప్పినట్టు.

లెక్క కూడా వేద్దాం, ఊరికే ఉదాహరణకి. ప్లేటు 400 అనుకుంటే సిటీలో 800 మందికి 3,20,000. అదే 150 మందికి కొంచెం మంచి భోజనం, 600 చొప్పున పెట్టినా 90,000. ఊళ్లో 600 మందికి మనిషికి 200 పడితే 1,20,000. రెండూ కలిపితే 2,10,000. మీ రేట్లు వేసి మీరే చూసుకోండి. ఇంట్లో కాగితం మీద అంకెలు చూపిస్తే, ఎమోషనల్ స్పీచ్ కంటే బాగా పని చేస్తుంది.

ఇంకో టిప్. ప్రతి పేరెంట్‌కీ ఒక్కో అంశం ఇవ్వండి. అమ్మా, నీకు ఏది తప్పకుండా ఉండాలి? మామయ్యా, మీకు? అత్తయ్యా, మీకు? ఒక్కొక్కరు ఒక్కటి చెప్తారు, దాన్ని మారుమాట లేకుండా ఉంచేయండి. నాన్నకి సన్నాయి మేళం కావాలా, ఉంచండి. అమ్మకి గౌరీపూజ కావాలా, చేయండి. నలుగురికి నాలుగు ఇస్తే, మిగతా నలభై మీ చేతికి వస్తాయి. అన్నీ మనమే గెలవాలనుకుంటే అది పెళ్లి కాదు, పంచాయితీ.

మన ఏరియాలో ఎలా చేయాలి

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ప్రత్యేకంగా. మనకి ఉన్న పెద్ద ప్లస్ పాయింట్ ఎల్బీనగర్. విజయవాడ హైవే మీద నుంచి సూర్యాపేట, నల్గొండ, ఖమ్మం బస్సుల్లో వచ్చే చుట్టాలు దిగేది అక్కడే. 2018 సెప్టెంబర్ నుంచి మెట్రో కూడా ఉంది. ఎల్బీనగర్ ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్. కాబట్టి వెన్యూ మెట్రో స్టేషన్‌కి నడిచే దూరంలో పెట్టుకుంటే సగం పార్కింగ్ తలనొప్పి పోతుంది. సాయిబాబా గుడి ముందు గురువారం సాయంత్రం కారు పెట్టే చోటు కోసం తిరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పెళ్లి కార్డులో గూగుల్ మ్యాప్ లింక్‌తో పాటు స్టేషన్ పేరు కూడా వేయండి.

హయత్‌నగర్ దాటాక, పెద్ద అంబర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లు ఉన్నాయి. ఫొటోలకి బాగుంటాయి. కానీ ముసలివాళ్లు ఎలా వస్తారో ఆలోచించండి. తీసుకుంటే ఎల్బీనగర్ నుంచి ఒక బస్సు మాట్లాడండి, రాత్రి తిరిగి దింపేదాకా.

మేడ మీదో, కాలనీ పార్కు పక్కనో చేసుకుంటే సౌండ్ రూల్ గుర్తుంచుకోండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. మూసి ఉన్న హాల్లో, శబ్దం బయటికి రాకుండా అయితే వేరు. అర్ధరాత్రి ముహూర్తమైతే బయట మైకు వద్దు, సన్నాయి కూడా వద్దు. పక్కింట్లో టెన్త్ పిల్లలుంటారు.

పువ్వులకి ఒకరు ముందురోజు తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్తే చాలు. బంతి, చామంతి, మామిడాకులు. కూరగాయలు సరూర్‌నగర్ రైతుబజార్. అక్కడికి ఫ్రెండ్స్‌ని తీసుకెళ్లండి. పెళ్లి పనుల్లో సగం సరదా అక్కడే ఉంటుంది, దాన్ని కూడా ఈవెంట్ మేనేజర్‌కి ఇచ్చేస్తే మీకేం మిగులుతుంది?

చెక్‌లిస్ట్

వంద రోజుల ముందు: మూడు గడుల కాగితం, ఏ చట్టం కింద పెళ్లి అన్న నిర్ణయం. ఈ రెండూ తేలకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.

డెబ్భై రోజుల ముందు: స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ అయితే నోటీస్. టెన్త్ మెమో, ఆధార్, ఫొటోలు రెడీ. పేరు స్పెల్లింగ్ టెన్త్ మెమోలో, పాస్‌పోర్ట్‌లో ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఈ ఒక్క అక్షరం తేడా వీసా టైమ్‌లో ఏడిపిస్తుంది.

నలభై రోజుల ముందు: పంతులు గారితో కూర్చోండి. ఏ తంతు ఉంటుంది, ఏది ఉండదు, ఎక్కడ ఆగి తెలుగులో అర్థం చెప్పాలి అన్నది ముందే మాట్లాడుకోండి. పీటల మీద కూర్చున్నాక బేరాలు పెట్టకండి, ఆయన్నీ ఇబ్బంది పెట్టినట్టే.

పదిహేను రోజుల ముందు: ముగ్గురు సాక్షులు ఎవరు, వాళ్ల గుర్తింపు కార్డులు ఉన్నాయా, ఆ రోజు ఊళ్లో ఉంటారా?

పెళ్లి రోజు: ఫోన్లు ఇద్దరివీ ఒక తమ్ముడి చేతికి ఇచ్చేయండి.

పెళ్లయిన నెలలోపు: సర్టిఫికెట్ చేతికి రావాలి. స్కాన్ చేసి ఇద్దరి మెయిల్లో పెట్టుకోండి. ఇది అమ్మాయిలకి మరీ మరీ చెప్తున్నా, ఒక కాపీ మీ దగ్గర, ఒకటి మీ అమ్మ దగ్గర.

అంతే ఫ్రెండ్స్. పెళ్లిలో ఏం ఉండాలో మీరిద్దరూ రాసుకోండి. అది పెళ్లే అని రేపు ఎవరూ కాదనకుండా చూసుకోండి. మిగతాది, పువ్వులు బంతా గులాబీనా, అది మీ పిన్నులు చూసుకుంటారు, మీరు వద్దన్నా. త్వరలో పెళ్లి ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, అడ్వాన్సులు ఇచ్చేలోపే ఈ ఎపిసోడ్ పంపించండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి.